దుబాసీ ఎక్కించిన పడవ

పోయినవారం మనం దుబాసీని నడిసముద్రంలో, పడవ మీద వదిలేసి వచ్చాం. ఆ వారం పుస్తకం అందనివాళ్ళకీ, అందినా మరిచిపోయినవాళ్ళకీ రెండు ముక్కల్లో సంగతి ఇదీ. ఇళ్ళకీ భవనాలకీ నమూనాలు గీయడం నేర్పే కాలేజీ ఒకటి, మూడో సంవత్సరం పిల్లలు ఇరవై ఒక్కమందిని, ఇద్దరు ఉపాధ్యాయుల వెంట ఒక పరాయి దేశపు రేవు నగరం చూసి రమ్మని పంపింది. అక్కడి భాష తెలిసిన విద్యార్థి ఒక్కరైనా ఉండి తీరాలని ప్రిన్సిపాల్ పట్టుబట్టాడు. "నాకొచ్చు సార్" అని చెయ్యెత్తి సీటు కొట్టేసిన అమ్మాయికి ఆ రోజు నుంచీ దుబాసీ అనే పేరు ఖాయమైపోయింది.

నిజానికి ఆమెకి వచ్చినవి ఆరే ఆరు వాక్యాలు. ఆరూ రైలు ప్రయాణం తాలూకువి. పాతపుస్తకాల దుకాణంలో దొరికిన ఒక పుస్తకంలో మిగతా పాఠాలన్నీ చెదలు తినేయగా, మిగిలిన ఒక్క పాఠం అది. ఈ రహస్యం ఆమె గదిలో ఉండే తోకకి తప్ప ఎవరికీ తెలియదు. దుబాసీ ఎటు వెళితే అటు వెళుతుంది కనుక ఆ పిల్ల తోక అయింది. రెండు రోజులు సైగలతో, చిరునవ్వులతో, మొండిధైర్యంతో గడిచిపోయాయి. మూడోరోజు పొద్దున రేవులో బోర్డు కేసి ఒక్క చూపు చూసి, "లైట్‌హౌస్ ద్వీపానికి వెళ్ళేది ఆ నీలం పడవే" అని దుబాసీ ప్రకటించింది. ఇరవై ముగ్గురూ ఎక్కేశారు.

ఇప్పుడు ఆ లైట్‌హౌస్ ఎడమపక్కనుంచి తాపీగా వెనక్కి వెళ్ళిపోతోంది.

"ఒసేయ్, పడవ ఆగట్లేదే," అంది తోక, దుబాసీ చున్నీ పట్టుకుని లాగుతూ.

"చుట్టూ తిరిగి అటువైపు ఆగుతుందేమోలే."

"అటువైపంతా కొండ ఉందే!"

"కొండకి మెట్లుండవా ఏంటి?"

అలా అందిగానీ దుబాసీకీ అనుమానం మొదలైంది. ఆమె అప్పుడు మొదటిసారి పడవలో ఉన్న మిగతా జనాన్ని పరికించి చూసింది. ఒక్కళ్ళ మెడలోనూ కెమెరా లేదు. అందరి కాళ్ళకీ మోకాళ్ళదాకా బూట్లు. ఒళ్ళో అన్నం డబ్బాలు, పక్కన పనిముట్ల సంచులు. ఒకాయన సంచిలోంచి రంపం పళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. షికారుకి వెళ్ళేవాడెవడూ రంపం తీసుకుపోడు కదా.

కొలబద్ద మేడమ్ సీట్ల మధ్యనుంచి నడిచి వస్తోంది. పిల్లలకి కొలతలూ అంచనాలూ చెప్పే ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది. పెళ్ళికి వెళ్ళినా పందిరి ఎత్తు కొలిచి చూసుకుంటుందని పిల్లలు చెప్పుకుంటారు.

"అమ్మాయ్, లైట్‌హౌస్ ఎటు పోతోంది?"

"లైట్‌హౌస్ ఎక్కడికీ పోదు మేడమ్. మనమే..."

"ఆఁ, మనమే?"

"పోతున్నాం మేడమ్."

చుట్టూ ఉన్న పిల్లలు గొల్లుమన్నారు. మేడమ్ పెదవి చివర కూడా కాస్త కదిలింది. పడవ చివరన గొడుగు పట్టుకుని నిలబడ్డ డ్రాయింగ్ మాస్టారు మాత్రం నవ్వలేదు. వచ్చేనెల పదవీ విరమణ చేయబోతున్న ఆయన మామూలుగానే మితభాషి. ఇవాళ అసలు నోరే విప్పలేదు. అందరూ వెనక్కి పోతున్న లైట్‌హౌస్ కేసి చూస్తుంటే, ఆయన చూపులు ఎదురుగా వస్తున్న ఒడ్డుకి అతుక్కుపోయి ఉన్నాయి.

పడవ ఒక చెక్కల వంతెన పక్కన ఆగింది. పనివాళ్ళు దిగి చకచకా వెళ్ళిపోయారు. ఒడ్డున పొడవాటి రేకుల షెడ్లు, వాటి ముందు దుంగల గుట్టలు, బోర్లించిన పడవలు, గాలి నిండా తారు వాసన. గేటు మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు.

"ఏం రాసుంది?" అని అడిగింది మేడమ్.

"స్వాగతం అని మేడమ్."

మేడమ్ బోర్డు కింది భాగం చూసింది. అక్కడ ఒక అరచెయ్యి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత. "స్వాగతం చెప్పే చెయ్యి ఇలా ఉంటుందా?"

ఈసారి నవ్వులు కొంచెం ఇబ్బందిగా వినిపించాయి. "వెళ్ళి, మళ్ళీ పడవ ఎప్పుడో కనుక్కో," అంది మేడమ్. దుబాసీకి ప్రాణం లేచొచ్చింది. ఆ వాక్యం ఆమెకి వచ్చు! గబగబా పడవ నడిపే ఆయన దగ్గరికి వెళ్ళి, 'తిరుగు బండి ఎన్ని గంటలకి?' అని ఆ దేశపు భాషలో గడగడా అడిగేసింది. బండి అన్న మాటకి ఆయన కనుబొమలు పైకి లేచాయిగానీ విషయం అందింది. ఒక వేలు చూపించాడు. తరవాత రెండు చేతులూ చెంప కింద పెట్టి నిద్ర నటించి, తూర్పు వైపు చూపించాడు.

"ఒంటిగంటకి మేడమ్. అది తప్పితే మళ్ళీ రేపు పొద్దున్నే."

"బాగానే మాట్లాడావే! అయితే ఇంకొక్కటి అడుగు. పిల్లలు మూడు గంటలు ఎండలో నిలబడలేరు. నీడ ఉండే చోటు, తాగే నీళ్ళు ఎక్కడున్నాయో కనుక్కో."

దుబాసీ పడవాయన వైపు తిరిగింది. మళ్ళీ మేడమ్ వైపు తిరిగింది. ఆరు వాక్యాలనీ మనసులో అటూ ఇటూ దొర్లించి చూసింది. వాటిలో నీడా లేదు, నీళ్ళూ లేవు. తోక భయంగా గోళ్ళు కొరుక్కుంటోంది.

"అడగలేను మేడమ్."

"ఏం?"

"నాకు... ఈ భాష రాదు మేడమ్."

ఇరవైమంది పిల్లలూ చుట్టూ మూగారు.

"మరి ఇప్పుడు మాట్లాడిందేంటి?"

"ఆరు వాక్యాలొచ్చు మేడమ్. రైలువి."

"రైలువా! ఈ ఊళ్ళో మనం రైలెక్కామా?"

"లేదు మేడమ్."

మేడమ్ అరుస్తుందనుకున్నారంతా. ఆవిడ అరవలేదు. గొంతు ఇంకా తగ్గించింది. అరుపుకన్నా అదే దుబాసీకి గుండెల్లో గుచ్చుకుంది.

"చూడమ్మా. నువ్వు సరదా మనిషివి. రెండు రోజులుగా నువ్వు నవ్విస్తే నేనూ నవ్వాను. కానీ ఈ పిల్లల్లో ఎవరికైనా ఒంట్లో బాగోక డాక్టరు దగ్గరికి తీసుకెళితే నువ్వేం చెప్పేదానివి? రైలు ఎంత ఆలస్యం అని అడిగేదానివా? నీకు భాష వచ్చనే ధైర్యంతోనే కదా, ఇంతమందిని నేను ఇళ్ళ దగ్గర చెప్పి తీసుకొచ్చింది?"

ఈ ఊరు చూడాలని దుబాసీకి ఎంత కోరికంటే, పరీక్ష హాల్లో కూడా ప్రశ్నాపత్రం వెనక ఈ రేవు బొమ్మే గీసింది. ఆ కోరిక ఉంటే చాలు, అబద్ధం దానంతటదే సర్దుకుంటుందనుకుంది. డాక్టరు సంగతి ఒక్కసారైనా తట్టలేదు.

"తప్పే మేడమ్," అంది. అంతకుమించి సాగదీయలేదు.

"ఊరెళ్ళాక ప్రిన్సిపాల్‌గారి ముందు నీ నోటితో నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

"చెప్తాను మేడమ్."

విచిత్రంగా ఆ మాట అన్నాక దుబాసీకి ఏడుపూ ఊపిరీ రెండూ ఒకేసారి వచ్చాయి. తోక వచ్చి పక్కన నిలబడి చిటికెనవేలు పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే గేటులోంచి ఒకావిడ దూసుకొచ్చింది. నలభై దాటి ఉంటుంది. మోచేతులదాకా మడిచిన చొక్కా, జుట్టు నిండా రంపపు పొట్టు, చెవి వెనక బండ పెన్సిలు. వస్తూనే ఎర్రగీత బొమ్మ చూపించి, షెడ్లు చూపించి, పిల్లల నెత్తిల మీద ఏదో పడుతున్నట్టు అభినయించి, ఊపిరి తీసుకోకుండా ఏదేదో అనేసింది. ఇరవై ఒక్కమందిలో ఎవరు ముందన్నారో తెలియదుగానీ ఆవిడకి అక్కడికక్కడే మేస్త్రమ్మ అని పేరు పడిపోయింది.

మేడమ్ అలవాటుకొద్దీ దుబాసీ వైపు తిరిగి, అంతలోనే గుర్తొచ్చి నుదురు కొట్టుకుంది.

దుబాసీ ఒక్కక్షణం ఆలోచించింది. భుజాన ఉన్న సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసింది. మాట రాకపోతేనేం, చెయ్యి ఉంది కదా. నాలుగు గీతల్లో లైట్‌హౌస్, దానికి దూరంగా పోతున్న పడవ, పడవ నిండా ఇరవై రెండు గుండు తలకాయలు గీసింది. పడవ ముందు నిలబడి తప్పుదారి చూపిస్తున్న ఒక పిల్లని గీసి, ఆ పిల్లకి రెండు పొడవాటి గాడిద చెవులు తగిలించింది. బొమ్మనీ తననీ మార్చి మార్చి చూపించింది.

మేస్త్రమ్మ బొమ్మ చూసింది. పిల్ల ముఖం చూసింది. చెవి వెనక పెన్సిలు తీసి, ఆ గాడిదకి ఒక తోక కూడా గీసింది. ఆ తరవాత పొట్ట పట్టుకుని ఎంత నవ్విందంటే, షెడ్డులోంచి పనివాళ్ళు తొంగిచూశారు. తోక అక్కడే ఉండి, "నన్ను కూడా గీసేసిందే!" అనడంతో మనవాళ్ళూ పగలబడి నవ్వారు. కొలబద్ద మేడమ్ కూడా ఆ నవ్వుకి లొంగిపోయింది. మేస్త్రమ్మ చెయ్యి ఊపి అందర్నీ లోపలికి రమ్మంది.

లోపలికి అడుగుపెట్టిన పిల్లలు నోళ్ళు తెరిచేశారు. షెడ్డు మధ్యలో సగం కట్టిన చెక్క పడవ ఒకటి, ఏ కొండ మీదనుంచో దొర్లిపడిన పెద్ద జంతువు అస్థిపంజరంలా నిలబడి ఉంది. అడుగున ఒకే ఒక్క దూలం. దాని రెండువైపులా వంగి లేచిన పక్కటెముకలు. ఒక్కదానికీ మరొకదాని వంపు లేదు. ఇళ్ళ గోడలు నిట్టనిలువుగా గీయడమే తప్ప తెలియని పిల్లలకి అది తలకిందులు చేసిన పైకప్పులా కనిపించింది. ఒక్కొక్కళ్ళే నేలమీద చతికిలబడి బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పకుండా పిల్లలు అంత నిశ్శబ్దంగా పని చేయడం మేడమ్ ఈ మూడేళ్ళలో చూసి ఎరగదు. ఆవిడ కూడా ఆగలేకపోయింది. చేతిసంచిలోంచి టేపు తీసి మొదటి పక్కటెముక దగ్గరికి వెళ్ళింది. మేస్త్రమ్మ రెండో కొస పట్టుకుంది. ఒకావిడ తన భాషలో అంకెలు చెబుతుంటే, రెండో ఆవిడ తన భాషలో రాసుకుంటోంది. ఇద్దరికీ దుబాసీ అవసరం రాలేదు.

పన్నెండు దాటింది. మేస్త్రమ్మ నీళ్ళు ఇప్పించింది. అప్పుడు దుబాసీ గమనించింది, బల్ల మీద గొడుగు ఉందిగానీ మాస్టారు లేరు. గొడుగు లేకుండా ఆయన్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆమె గొడుగు పుచ్చుకుని వెతుకుతూ బయలుదేరింది. వెనకాల తోక.

షెడ్డు వెనక దుంగల గుట్ట అవతలనుంచి మాటలు వినిపిస్తున్నాయి. దుబాసీ తొంగిచూసింది. ఇద్దరు వడ్రంగులు, వాళ్ళ మధ్య డ్రాయింగ్ మాస్టారు. మాస్టారు చేతులూపుతూ, కళ్ళు మెరిపిస్తూ, ఆ దేశపు భాషలో ధారాళంగా మాట్లాడేస్తున్నారు. ఒక మాట దగ్గర వడ్రంగులిద్దరూ విరగబడి నవ్వారు. ఆ మాటనే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ, ఒకరినొకరు పొడుచుకుంటూ షెడ్డులోకి వెళ్ళిపోయారు.

"మాస్టారూ!"

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. మార్కుల కాగితం దిద్దుతూ దొరికిపోయిన పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ముఖం.

"మీకు ఈ భాష వచ్చా?"

"వచ్చమ్మా."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

దుబాసీ గొడుగు నేలకి ఆనించి, దాని మీద బరువు మోపి నిలబడింది. "ఈ ప్రయాణానికి ఎంపిక చేసేటప్పుడు ఈ భాషలోనే నన్నో ప్రశ్న అడిగారు కదా మాస్టారూ, మీరు. చీటీలో చూసి చదివారనుకున్నాను."

"చీటీ ఉత్తిదే. నీకు సముద్రమంటే భయమా అని అడిగాను."

"నేనేం చెప్పాను?"

"కిటికీ పక్క సీటు కావాలన్నావు."

తోక కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. దుబాసీకి నవ్వు రాలేదు. చెవులు వేడెక్కాయి. "మరి ప్రిన్సిపాల్‌గారితో బాగానే మాట్లాడుతోందని మీరే చెప్పారు!"

"చెప్పాను."

"నిన్న హోటల్లో నేను తువ్వాళ్ళడిగితే కుర్చీలొచ్చాయి. అరగంటలో కుర్చీలు పోయి తువ్వాళ్ళొచ్చాయి. అది..."

"నేనే వెళ్ళి చెప్పాను."

"పొద్దున ఆ బోర్డు మీద ఏముందో మీకు తెలుసు!"

మాస్టారు తలదించుకున్నారు. "ఇది పడవలు కట్టే యార్డుకి వెళ్ళే పడవని రాసి ఉంది. నువ్వు పొరపాటున ఎక్కించావమ్మా. నేను తెలిసే ఎక్కాను."

దుబాసీకి అరికాలి మంట నెత్తికెక్కింది. గురువుగారన్న మాట కూడా ఒక్కక్షణం మరిచిపోయింది. "అంతమంది ముందు మేడమ్ నన్ను నిలబెట్టి అడుగుతుంటే, పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నారా మాస్టారూ? నాది తప్పే, కాదనను. మరి మీదో?"

"నాదీ తప్పే. నీకన్నా పెద్దది," అన్నారాయన. "ఇవాళే మేడమ్‌కి చెప్తాను. ప్రిన్సిపాల్ దగ్గర నీ పక్కన నేనూ నిలబడతాను. డాక్టరు గురించి మేడమ్ అన్న మాట నాకూ తగిలిందమ్మా. ఒకటి మాత్రం నిజం. ఈ యార్డుకి వచ్చేదాకా నీ వెనక పది అడుగుల దూరం దాటి నేనెక్కడికీ వెళ్ళలేదు. అలాంటి అవసరమే వస్తే నోరు విప్పేవాణ్ణే."

ఆమె కోపం కొద్దిగా మెత్తబడింది. దుంగ మీద కూర్చుంది. "అసలు ఎందుకు దాచారు?"

మాస్టారు కూడా ఎదుటి దుంగ మీద కూర్చున్నారు. "వచ్చని చెబితే ఎలా వచ్చిందంటారు. ముప్పై రెండేళ్ళ కిందట నేను ఈ యార్డులో పదకొండు నెలలు పడవల నమూనాలు గీశాను. ఒక్కణ్ణే వచ్చాను, ఒక్క ముక్క భాష రాదు. ఇక్కడ పెద్ద మేస్త్రి నన్ను తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఆయనకి తొమ్మిదేళ్ళ కూతురు. భాషంతా ఆ పిల్లే నేర్పింది. ఒక్క తప్పుకి మణికట్టు మీద ఒక్క దెబ్బ. దాని మాటలే నాకు పట్టుబడ్డాయి. ఇప్పుడు ఆ వడ్రంగులు ఎందుకు నవ్వారనుకున్నావు? కర్రని నునుపు చేసే చిత్రిక ఏదీ అని అడగబోయి, అలవాటుగా 'కర్రని నాకే పిల్లి' ఏదీ అని అడిగాను. చిత్రికకి ఆ పిల్ల పెట్టిన పేరు అది. అరవయ్యేళ్ళవాణ్ణి, ఈ భాషలో నాకింకా తొమ్మిదేళ్ళే."

తోక ఈసారి పైకే నవ్వేసింది. దుబాసీకీ నవ్వాగలేదు. నవ్వుతూనే అడిగింది. "తరవాత?"

"మా చెల్లెలి పెళ్ళికని నెల సెలవు పెట్టి వెళ్ళాను. మళ్ళీ వస్తానని ఆ పిల్ల చేతిలో చెయ్యేసి చెప్పాను. పెళ్ళయింది, నాన్న మంచం పట్టాడు, నాకు మన కాలేజీలో ఉద్యోగమొచ్చింది. రేపు ఉత్తరం రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే సంవత్సరం గడిచింది. ఏడాది ఆలస్యానికి ఏం రాయాలో తెలీక రెండో ఏడూ పోయింది. అలా పోతూనే ఉంది. వచ్చేనెల దిగిపోయాక ఈ పక్కకి వచ్చే దారి నాకెక్కడిది?"

"ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో?"

"మీ మేడమ్‌తో టేపు పట్టుకుని ఉంది."

దుబాసీ దిగ్గున లేచింది. "మేస్త్రమ్మా! మరి పలకరించకుండా ఈ దుంగల వెనక చేరారేంటి?"

"భయమేసిందమ్మా," అన్నారు మాస్టారు. పాపం, ఆ మాట ఆయన పూర్తిగా అననేలేదు.

షెడ్డు తలుపు దభాలున తెరుచుకుంది. మేస్త్రమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చిత్రిక. వెనక ఇందాకటి వడ్రంగులు. తాము నవ్వుతూ చెప్పిన మాటకి ఈవిడ ముఖం ఎందుకలా మారిందో తెలియక బిక్కముఖాలు వేసుకుని ఉన్నారు. ఆవిడ నెమ్మదిగా నడిచి వచ్చి మాస్టారి ఎదుట ఆగింది. నెరిసిన జుట్టు చూసింది. కళ్ళజోడు చూసింది. చిత్రిక పైకెత్తి చూపించి, ఇదేమిటని అడుగుతున్నట్టు గడ్డం ఎగరేసింది.

మాస్టారు ఆ మాటే అన్నారు. కర్రని నాకే పిల్లి.

మేస్త్రమ్మ పెదవులు బిగుసుకున్నాయి. ఆమె కళ్ళు ఒక్కసారిగా నిండాయి, కానీ గొంతు మాత్రం గట్టిగానే పలికింది. చిన్న వాక్యం. ఒకే ఒక్క ప్రశ్న. ఈ మూడు రోజుల్లో మొట్టమొదటిసారి దుబాసీకి ఆ భాషలో ఎదుటి మనిషి అన్నది అక్షరం అక్షరం అర్థమైంది. ఆమె పాఠంలో నాలుగోది. రైలు అన్న మాట ఒక్కటే లేదు అందులో.

ఎంత ఆలస్యం?

మాస్టారు జవాబు చెప్పారు. అంకె చెప్పడంలో ఎక్కడో తడబడ్డట్టున్నారు. మేస్త్రమ్మ చెయ్యి చాచి ఆయన మణికట్టు మీద చటుక్కున ఒక్కటిచ్చింది. తప్పు దిద్ది తనే సరిగ్గా పలికింది. ఆయన తిరిగి పలికారు. అప్పుడామె చిత్రిక వడ్రంగి చేతిలో పడేసి, ఆ మణికట్టునే రెండు చేతులతో పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టం. మాస్టారి కళ్ళజోడు మసకబారిపోయింది. తోక బాహాటంగా ముక్కు చీదుకుంది. ఏమీ అర్థంకాకపోయినా వడ్రంగులిద్దరూ టోపీలు తీసి పట్టుకున్నారు.

కాసేపటికి మేస్త్రమ్మ తలెత్తి షెడ్డు పై అంతస్తు వైపు వేలు చూపించి ఏదో చెప్పింది. మాస్టారు అక్కడే ఉన్న దుంగని తడుముకుని పట్టుకున్నారు.

"ఏమంటోంది మాస్టారూ?"

"పెద్ద మేస్త్రి బతికే ఉన్నాడట. ఎనభై ఏడు. చూపు ఆనదట. పైనే ఉంటాడట."

అప్పుడే రేవులో పడవ కూత వేసింది. షెడ్డు లోపలినుంచి కొలబద్ద మేడమ్ పిల్లల్ని లెక్కపెడుతున్న గొంతు వినిపించింది. పంతొమ్మిది దగ్గర ఆగి, మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టింది.

"ఇంకో పావుగంటలో పడవ వెళ్ళిపోతుంది మాస్టారూ. మళ్ళీ రేపు పొద్దున్నే."

"మీరు వెళ్ళండమ్మా," అని ఆయన మెట్ల వైపు ఒక అడుగు వేశారు. ఆగి, వెనక్కి తిరిగి, "ఒక్కసారి నాతో పైదాకా వస్తావా?" అని అడిగారు. పరీక్షలు పెట్టే మనిషి పరీక్షకి వెళుతూ తోడు అడుగుతున్నట్టుంది.

దుబాసీ తోక భుజం పట్టుకుంది. "నువ్వు పరిగెత్తు. మేడమ్‌ని పట్టుకుని పడవ ఆపించు."

"ఏం చెప్పనే?"

"జరిగిందే చెప్పు. ఇంక మన దగ్గర వేరే ఏం మిగిలిందని?"

తోక జీవితంలో మొదటిసారి దుబాసీకి ఎదురు దిక్కుగా పరిగెత్తింది.

ఇరుకైన చెక్కమెట్లు. మేస్త్రమ్మ ముందు, మాస్టారు మధ్యన, గొడుగుతో దుబాసీ వెనక. ఒక్కో మెట్టూ ఒక్కో రకంగా మూలిగింది. పైన ఒకటే తలుపు. మేస్త్రమ్మ తట్టి, ఆ దేశపు భాషలో గట్టిగా ఏదో చెప్పింది. లోపల మంచం కిర్రుమంది. ఎవరో దగ్గి, గొంతు సవరించుకున్నారు.

మళ్ళీ పడవ కూత.

తలుపు అవతలనుంచి వణుకుతున్న ముసలిగొంతు ఒకటి పలికింది. దుబాసీ తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది. ఎక్కడో ఒత్తు పోయినా, ఎక్కడో దీర్ఘం సాగినా, ఆ గొంతు మాట్లాడింది అచ్చమైన తెలుగు.

"ఇద్దరూ వచ్చారా? నువ్వొక్కడివేనా?"

దుబాసీ మాస్టారి వైపు తిరిగింది. "ఒక్కణ్ణే వచ్చానని చెప్పారు కదా, మాస్టారూ?"

మాస్టారు ఆమెకేసి చూడలేదు. లోపల చేతికర్ర నేలకి ఆనిన చప్పుడు, ఒక్కో అడుగే, తలుపు దగ్గరికి వస్తోంది.